పురాధ్యక్షుని ధర్మము

గత సంవత్సరము మా పాఠశాల వక్తృత్వ సభయందు "నేను మేయరునైనచో" అను విషయమునుగూర్చి బాలబాలికలు ప్రసంగించిరి. ఒకరు రహదారుల నన్నిటిని అద్దమువలె చేయింతు ననిరి. ఒకరు వీధి కొక యుద్యానవనము వేయింతు ననిరి. ఒక చిన్నవాడు పట్టణములోని కుక్కల నన్నిటిని పట్టించెదనని చెప్పగా సభ యంతయు నవ్వినది. (నెల దినముల క్రిందట వానిని కుక్క కఱచెనని మాకు పిదప తెలిసినది, నవ్వినందులకు కొంచెము సిగ్గుపడితిమి.) ప్రసంగములు ముగిసిన పిమ్మట, సదాశివనగర్ నుండి వచ్చు బాలిక యొకతె లేచి, "అయ్యా, మా యూరికి సర్పంచి యున్నారు గాని మేయరు లేరు. పట్టణపు మేయరుతో మాకేమి పని?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు ఆనాడు మేము తగిన యుత్తర మీయలేకపోతిమి. ఇంతలో గంట కొట్టిరి. ఆ బాలికకు ఆలస్యముగా నిచ్చుచున్న ప్రత్యుత్తరమే యీ వ్యాసము.

మొదట మాటను విచారింతము. మేయరు అనునది "పెద్ద" యను నర్థము గల లాటిను మాటనుండి పుట్టినది. అనగా మన ఊరిపెద్దయే. మన దేశమున నీ బిరుదము మొదట చెన్నపట్టణమున వినబడినది. అచ్చటి కార్పొరేషను 1688లో నేర్పడెను. హైదరాబాదు నగరమునకు 1951లో మొదటి మేయరైనవారు మాడపాటి హనుమంతరావుగారు. నిజాము పాలనలో తెలుగు చదువునకు ఆదరము లేని దినములలో, ఆ నగరమున తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిన పెద్దలలో ఆయన ముఖ్యులు. బిరుదము వచ్చుటకు చాల ముందే ఆయన ఊరిపెద్ద యైనాడని మా యభిప్రాయము.

మన వైపు చూతమన్నచో, నిజామాబాదు 2005లో కార్పొరేషను అయినది గనుక అచ్చట మేయరు. కామారెడ్డి పురపాలక సంఘము గనుక అచ్చట అధ్యక్షుడు, లేక అధ్యక్షురాలు. 2011 జనాభా లెక్కలనుబట్టి నిజామాబాదున 3 లక్షలకు పైగా, కామారెడ్డిలో 80 వేలకు పైగా జనులు గలరు. ఎల్లారెడ్డియు బాన్సువాడయు 2018లో పురపాలక సంఘములైనవి. సదాశివనగరము గ్రామ పంచాయతీయే. పేర్లు వేఱు, తూకములు వేఱు, పని యొక్కటియే.

మా తాతల కాలమున ఊరిపెద్దల నెవరును ఎన్నుకొనలేదు. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అను వారు వంశక్రమమున వచ్చెడివారు. వారిలో దయగలవారును ఉండిరి, దయలేనివారును ఉండిరి. కాని దయగలవాడైనను, లేనివాడైనను, పటేలు జవాబు చెప్పుకొనునది తహసీలుదారునకే గాని వీధిలోని మనుష్యునికి గాదు. ఆ పదవులు 1980వ దశకమున తొలగెను. 1992లో రాజ్యాంగమునకు 73వ, 74వ సవరణలు జరిగి, మఱుసటి యేడు అమలునకు వచ్చెను. అప్పటినుండి పంచాయతీలకును పురపాలక సంఘములకును అయిదేండ్ల కొకసారి యెన్నికలు జరుగవలయునను మాట ప్రభుత్వముల ఇష్టముపై నుండక, శాసనముపై నిలిచినది. పట్టణ సంఘములకు అప్పగింపదగిన పనులు పదునెనిమిది యని పండ్రెండవ షెడ్యూలు చెప్పుచున్నది: నీరు, బాటలు, దీపములు, మురుగు, శ్మశానములు, జనన మరణముల లెక్కలు మొదలుకొని పట్టణ ప్రణాళిక వఱకు. ఈ పట్టిక నంతయు నిచ్చట వ్రాసి చదువరులకు విసుగు పుట్టింపము. పట్టణ ప్రణాళిక యను నొక్క మాటను మాత్రము మనసున నుంచుకొన గోరుచున్నాము. ముందు దానితో పని యున్నది.

బాలురు మేయరనగా చిన్న రాజని తలంతురు. అది పొరపాటు. చిన్న పట్టణపు అధ్యక్షునకు గల యధికారము మిక్కిలి స్వల్పము. ఉత్తరువులను నడపు కమిషనరు ప్రభుత్వోద్యోగి. పన్నుల సొమ్ము చాలక సర్కారు గ్రాంటులకై చేయి చాపవలసి యుండును. పైన కలెక్టరుగారి కన్ను ఎల్లప్పుడు నుండును. అధ్యక్షుని ప్రజలు నేరుగా నెన్నుకొనరు. వార్డు సభ్యులు ఎన్నుకొందురు, వారే దింపను గలరు. కామారెడ్డిలోనే 2024లో అవిశ్వాస తీర్మానము నెగ్గి అధ్యక్షస్థానము చేతులు మారినది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము మఱియొక భారమును గూడ మోపినది: నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలయును, అట్లు గానిచో ప్రజాప్రతినిధుల పదవికే ముప్పు. చెట్లపై నింత శ్రద్ధ మాకు సంతోషమే. కాని మనుష్యుల మాట వినకుండుటకు సైతము ఇంతటి దండన యుండిన బాగుండెడిదని మా మనసున నొక కొఱత గలదు. ఆ చట్టముననే ప్రతి వార్డునకు యువకులతో నొకటి, స్త్రీలతో నొకటి, వృద్ధులతో నొకటి, ప్రముఖులతో నొకటి, నాలుగు సంఘము లుండవలయునని యున్నది. తలిదండ్రులారా, అవి కూడి మాటలాడుట మీలో నెందరు చూచితిరి?

అధికారము స్వల్పమైనచో ఇక ఆ పదవి దేనికి? మా తలంపున అందులకు సమాధాన మొక్కటియే. పైనుండి కాగితము వచ్చును, క్రింద మనుష్యుడున్నాడు. ఈ రెంటికి నడుమ నిలిచి, కాగితము మనుష్యుని కట్టివేయకమునుపే దానిని వానికి చదివి వినిపింపవలసినవాడు అధ్యక్షుడు. వాని మాటను తిరిగి పైకి మోయవలసినవాడును అతడే. కమిషనరు బదిలీయై పోవును. కలెక్టరు పోవును. అధ్యక్షుడు రేపును అదే వీధిలో నడువవలసినవాడు.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వత్తము. 2022 చివరను కామారెడ్డి పట్టణమునకు మాస్టరు ప్లాను ముసాయిదా యొకటి వెలువడినది. మాస్టరు ప్లాననగా రాబోవు కాలమున పట్టణ మెటు పెరుగవలయునో తెలుపు పటము. ఇండ్లకు ఇంత, అంగళ్లకు ఇంత, పరిశ్రమలకు ఇంత, ఇచ్చట పెద్ద బాట పోవలెను, ఇచ్చట చెఱువు నుండనీయవలెను అని రంగులు వేసి చూపుదురు. పట్టణమునకు అట్టి పటము కావలయును. లేనిచో ఇండ్లు ఇష్టము వచ్చినట్లు మొలచును, మురుగునకు దారి యుండదు, అగ్నిప్రమాదమైనప్పుడు బండి పోవుటకు సందుండదు. పటము వ్రాయుటయే తప్పని మేమనము. కాని ఆ పటమున పంట పండు పొలములపై పరిశ్రమల రంగు పడినది. తమ పొలములు పోవునని రైతులు బెదరిరి. రంగు వేయుట వేఱు, భూమిని తీసికొనుట వేఱు, ఇది ముసాయిదా మాత్రమే యను సమాధానము వచ్చినది. న్యాయశాస్త్రమున అది నిజమే కావచ్చును. ఐనను కూతురి పెండ్లికి అరయెకరము అమ్ముకొన దలచినవానికి ఆ రంగే చాలును. కొనవచ్చినవాడు పటము చూచి వెనుదిరుగును. బ్యాంకువాడు సైతము ఆలోచించును. రైతునకు భూమి యనిన పంట మాత్రమే గాదు, ఆపద్ధనము.

2023 జనవరి మొదటి వారమున అడ్లూరు ఎల్లారెడ్డి గ్రామపు రైతొకరు ప్రాణము తీసికొనిరి. భూమి పోవునను దిగులే కారణమని బంధువులు చెప్పిరి. ఆ గ్రామము సదాశివనగర మండలములోనిది. అనంతరము రైతులు ఆలుబిడ్డలతో కలెక్టరు కార్యాలయమునకు పోయిరి. పట్టణమున బందు జరిగినది. వార్డు సభ్యుల యిండ్లకు పోయి రాజీనామాలు కోరిరి. తుదకు జనవరి 20వ తేదీన పురపాలక సంఘము సమావేశమై, ఆ ముసాయిదాను రద్దు చేయవలయునని ఏకగ్రీవముగ తీర్మానించెను. ఆ నెలయందే జగిత్యాల పురపాలక సంఘమును తన ముసాయిదా విషయమున అట్టి తీర్మానమునే చేసినది.

తప్పెవరిదని తీర్పు చెప్పుట మా పని గాదు. పటము గీచినవారు, పంపినవారు, అచ్చు వేసినవారు, వీరిలో నెవరి భాగ మెంతయో విచారించువారు విచారింతురు. మా ప్రశ్న యొక్కటియే. జనవరి 20న సభ్యు లందఱు నొక్క మాటపై నిలువగలిగిరి గదా. ఆ మాట పలుకుటకు ముందు జరిగిన దంతయు జరుగవలసి యుండెనా? అభ్యంతరములు తెలుపుటకు గడు విచ్చిరి, అది చట్టప్రకారమే. కాని గడువనునది చదువు వచ్చినవానికే గడువు. పటమున తన పొల మెక్కడ నున్నదో వేలు పెట్టి చూపలేని రైతునకు, నోటీసు బల్లమీది కాగితము గోడమీది సున్నమువంటిదే.

సదాశివనగరపు బాలికా, నీ ప్రశ్నకు ప్రత్యుత్తర మిచ్చటనే యున్నది. గ్రామ పంచాయతీలో ఓటున్నవారికి పట్టణ సంఘమున ఓటు లేదు. మన సర్పంచి తప్పు చేసిన మనము దింపవచ్చును. పట్టణాధ్యక్షుని మనమేమియు చేయలేము. ఐనను పట్టణము రాత్రింబగళ్లు పెరుగుచున్నది. నలువది నాలుగవ నంబరు జాతీయ రహదారి వెంట కామారెడ్డినుండి మన వైపు వచ్చుచు కిటికీలోనుండి చూచినచో, నిన్న మక్కజొన్న యున్నచోట నేడు హద్దురాళ్లు కనబడును. పట్టణపు గీత యెక్కడ ఆగునో పల్లెవాడు నిర్ణయింపడు. కావున మంచి పురాధ్యక్షుడు తన కోటు వేసినవారికి మాత్రమే గాక, తన గీత తగులు ప్రతివానికిని జవాబుదారి. ఈ మాట చట్టమున మాకు కనబడలేదు. ధర్మమున నున్నది.

ఇట్టి సంగతి మన తెలుగువారికి క్రొత్తది గాదు. నూఱేండ్ల క్రిందట చీరాల, పేరాల యను జంట గ్రామములను కలిపి అప్పటి ప్రభుత్వము మునిసిపాలిటీ చేసెను. అచ్చట చాలమంది నేతపనివారు. పన్నులు పెక్కు రెట్లు పెరిగెను. మాకీ గౌరవము వలదని వారు మొఱపెట్టుకొనిరి, వినువారు లేకపోయిరి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి, దాపున రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకు వానకు ఓర్చి సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి. జనులు లేక పురపాలక సంఘము మాత్రము మిగిలినది. ఊరిని ప్రేమించి యూరు విడిచిన ఆ ప్రజల చరిత్రను స్వాతంత్ర్య సమర కథగా చెప్పుదురు, అది నిజమే. పురపాలకులు దానిని తమ వృత్తికి మొదటి పాఠముగా గూడ చదువుకొనిన మేలు.

మా పాఠశాలలో ఉదయ ప్రార్థనయందు నెహెమ్యా చరిత్ర చదివినప్పుడెల్ల మాకు పురాధ్యక్షులే జ్ఞాపకము వత్తురు. పారసీక రాజునకు పానపాత్ర నందించు కొలువువాడు, పాడుపడిన తన పితరుల పట్టణమును బాగుచేయ వచ్చెను. వచ్చినవాడు వెంటనే ఉపన్యసింపలేదు. మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడలను కాలిన తలుపులను తన కన్నులతో చూచుకొనెను. పిమ్మట జనులను కూర్చి సంగతి చెప్పెను. పని పంచినప్పుడు అనేకులకు వారి వారి యింటి యెదుటి గోడయే వచ్చినది. తన యింటి ముందటి గోడను పలుచగా కట్టువా డెవడు? అంతకంటె మాకు నచ్చినది మఱియొకటి గలదు. గోడ కట్టుచున్న దినములలోనే బీదలు వచ్చి, తమ పొలములు ద్రాక్షతోటలు కుదువ పడినవని, బిడ్డలు దాసులగుచున్నారని మొఱపెట్టిరి. గోడ ముగిసిన తరువాత రండని ఆయన చెప్పలేదు. కోపించి, పెద్దలను సభకు పిలిచి, అందఱి యెదుట అడిగి, పొలములు తిరిగి యిప్పించెను. పండ్రెండేండ్లు అధిపతియై యుండియు అధిపతికి రావలసిన భత్యమును తినలేదు. మన అధ్యక్షులు భత్యము తినవలదని మేమనము. ఆ వేతనము పెద్దది గాదు. రాత్రివేళ ఒకసారి తిరిగి చూడుడని మాత్రము ప్రార్థింతుము. వీధి దీపము వెలుగుట లేదని పగటివేళ తిరుగువానికి తెలియదు.

కొందఱు అడుగుదురు: ఇంత చిక్కెందుకు, ఒక సమర్థుడైన అధికారిని కూర్చుండబెట్టిన చాలదా యని. ఆ ప్రయోగమును మనము చూచితిమి. గ్రామములలో సర్పంచుల కాలము 2024 ఫిబ్రవరి మొదట ముగిసినది. ఎన్నికలు 2025 డిసెంబరున గాని జరుగలేదు. పట్టణములలోను 2025 జనవరిలో పాలకవర్గముల గడువు తీరినది. నడుమ ప్రత్యేకాధికారులు పాలించిరి. వారిలో కష్టపడినవారు లేరని మేమనము. తమ శాఖ పనిని చూచుకొనుచు, పైన నీ పనిని మోసిరి. కాని బోరు మోటారు కాలిన నాడు, మురుగు పొంగిన నాడు, ఎవరి గుమ్మమునకు పోవలెనో ఊరివారికి తెలియలేదు. సర్పంచి యుండిన, ఉదయమున టీ దుకాణము కడ పట్టుకొని నలుగురిలో నిలదీసెడివారు. నిలదీయుటకు చేతికందు మనుష్యుడుండుటయే స్వపరిపాలనలో సగము.

ఇచ్చట నొక యప్రియమైన మాట చెప్పక తప్పదు. మన రాష్ట్రమున స్థానిక సంస్థలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. హైదరాబాదునకు 1962లోనే రాణి కుముదినీదేవిగారు మేయరైరి. ఇది మనకు వింత గాదు. ఐనను కొన్నిచోట్ల సంతకము భార్యది, కుర్చీ భర్తది. సభకు పిలిచిన భర్తలు వత్తురు. ఫోను చేసిన భర్తలు పలుకుదురు. మా బాలికల వక్తృత్వమును విని చప్పట్లు కొట్టు తండ్రులారా, ఎన్నికైన యిల్లాలిని ఇంట నుంచి తాము సభలో కూర్చుండు పెద్దలు మీలో నున్నచో, మా సభకు వచ్చు సంవత్సరము కొంచెము వెనుక వరుసలో కూర్చుండుడు.

ఇక రాబోవు దానినిగూర్చి. కామారెడ్డికి ఏనాటికైనను మాస్టరు ప్లాను కావలసియే యున్నది. ఎల్లారెడ్డికిని బాన్సువాడకును కావలయును. అప్పుడు అధ్యక్షస్థానమున నుండువారు ఎవరైనను, ముసాయిదా అచ్చునకు పోకమునుపే మూడు పనులు చేసిన చాలునని మాకు తోచుచున్నది. రంగుల పటముతోబాటు, ఏ సర్వే నంబరు ఏ రంగున పడినదో తెలుగున పట్టికగా వ్రాయించి, గీత తగులు ప్రతి గ్రామపు పంచాయతీ గోడకు అంటింపవలెను. ముందునాటి సాయంకాలము దండోరా వేయించి, పటము గీచినవారినే ఆ యూరి రచ్చకట్టకు తీసికొని వచ్చి, తాము ముందు వరుసలో కూర్చుండవలెను. తిట్లు పడినను లేచి పోరాదు. వచ్చిన యభ్యంతరములకు ఒక్కొక్కదానికి ఔనననో కాదననో, కాదన్నచో ఎందుకు కాదో, వ్రాతమూలముగ బదులీయవలెను. ఇందులకు కోట్లు వ్యయము గాదు. గ్రామ సభలు ఏటికి ఆఱు జరుగవలయునని 2018 పంచాయతీరాజ్ చట్టమున నున్నది; క్రొత్త సభ యేర్పాటు చేయ నక్కఱయు లేదు, ఉన్న సభకు వచ్చిన చాలును.

సర్పంచులకును ఇందు పని గలదు. పట్టణము మన దాక రాలేదని చేతులు ముడుచుకొనక, ఆ కార్యాలయమునకు తామే పోయి, పటము నడిగి తెచ్చి, చదివింపవలయును. చదువుటకు మనుష్యులు కావలసినచో మా పదవ తరగతి పిల్లలున్నారు.

ఈ వ్యాసమును అచ్చునకు పంపకమునుపు ఆ బాలికను పిలిచి చదివి వినిపించితిమి. ఆమె ఇప్పుడు పదవ తరగతి. అంతయు శ్రద్ధగా విని, కొంతసేపు ఊరకుండి, "అయ్యా, మా పొలము సర్వే నంబరు నాకు తెలియదు. మా యమ్మకును తెలియదనుకొందును. పాసుపుస్తకము నాన్న పెట్టెలో నున్నది. సాయంకాలము తీయించి చూచెదను" అనెను. మఱునాడు తరగతికి వచ్చి ఆ నంబరును మాకు చెప్పినది. అంతటితో ఊరకుండక, తన ప్రక్క బల్లలోని నలుగురిని గూడ అడిగినదట, ముగ్గురికి తెలియదు.